ఎకో బాగుచేయించాం, జీపీఎస్ మార్చాం: రాయపురంలో ఒక మరమ్మతు దుకాణం గురించి

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజులే బోటు వాళ్లకు మరమ్మతుల కాలం. చెక్క పని, ఇంజను, వలలు ముందు చూసుకుంటాం. బోటు నడిపే గది, అంటే వీల్‌హౌస్‌లో ఉన్న జీపీఎస్, నీటి లోతునూ చేపనూ తెర మీద చూపించే ఎకో సౌండర్ జూన్ వచ్చాక గుర్తుకొస్తాయి. అప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట: "ఇక బాగు కాదమ్మా, కొత్తది తీసుకోండి."

మాది చెన్నై కాశిమేడు హార్బర్‌లో కట్టే మర బోటు. నాన్న యజమాని, బోటు నడిపే సరంగు మా బాబాయి, లెక్కలు నా చేతిలో ఉంటాయి. ఈసారి నేనే పట్టుబట్టి, మే నెలలోనే రెండు సెట్లనూ రాయపురంలోని ఒక మరమ్మతు దుకాణంలో చూపించాను. దుకాణం పేరు రాయొద్దని మెకానిక్ అన్న అడిగారు, సీజన్‌లో ఇప్పటికే వచ్చే ఫోన్లకు జవాబు చెప్పలేకపోతున్నారట. హార్బర్‌లో ఏ డ్రైవర్‌ని అడిగినా దారి చూపిస్తారు. ఆయనది కావలి వైపు, తెలుగులో హాయిగా మాట్లాడొచ్చు.

నాకు మొదట నచ్చింది, ఆయన సెట్టు విప్పకపోవడం. "దీన్ని ఇక్కడ విప్పి ఏం లాభం? బోటు దగ్గరికి వస్తాను" అన్నారు. వచ్చి మల్టీమీటర్ పెట్టి ముందు బ్యాటరీ దగ్గర చూశారు, తర్వాత సెట్టుకు వెళ్లే ప్లగ్గు దగ్గర చూశారు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే, లైట్లు వేశాక ప్లగ్గు దగ్గర 10.8 మాత్రమే వస్తోంది. పైకప్పు కింద ఎప్పుడో ఎవరో రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన చోట రాగి నల్లబడిపోయింది. ఇంజను స్టార్ట్ చేసినప్పుడల్లా ఎకో ఆరిపోయి మళ్లీ వెలగడానికి సగం కారణం అదే. వైరు మార్చి, లగ్గులు సోల్డరు చేసి, సెట్టుకు విడిగా ఫ్యూజు పెట్టారు.

మిగతా సగం కారణం సెట్టు లోపల ఉంది. పవర్ బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. వీల్‌హౌస్ వేడిలో అవి ముందు పోతాయట. రిచీ స్ట్రీట్ నుంచి మంచివి తెచ్చి వేశారు. ఎకో ఇప్పుడు నిలకడగా పనిచేస్తోంది.

అంతకుముందు ఇంకో చోట కొత్త ఎకోకు ధర అడిగాం. ఎకో శబ్దాన్ని నీళ్లలోకి పంపి, తిరిగొచ్చింది పట్టే భాగాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. "పాత ట్రాన్స్‌డ్యూసర్‌కే కొత్త సెట్టు కలిపేద్దాం" అని వాళ్లు తేలిగ్గా చెప్పేశారు. మెకానిక్ అన్న ఆ కాగితం చూసి ఆపారు. బోటు అడుగున ఉన్న మా ట్రాన్స్‌డ్యూసర్ 600 వాట్లది, వాళ్లు రాసిచ్చిన సెట్టు ఒక కిలోవాట్‌ది. అంత శక్తి నెట్టితే లోపలి పలక పగిలిపోవచ్చు. అంటే ట్రాన్స్‌డ్యూసర్ కూడా మార్చాలి, దానికి అడుగు చెక్కలో పని పడుతుంది. సెట్టు ధర చూసి నిర్ణయం తీసుకునేవాళ్లకు ఈ ఖర్చు కనిపించదు. మా ట్రాన్స్‌డ్యూసర్ 50, 200 కిలోహెర్ట్జ్ రెండింటిలోనూ సరిగ్గానే పలుకుతోంది. 50 లోతుకు దిగుతుంది, 200 తక్కువ లోతులో చేపను, నేలను విడివిడిగా చూపిస్తుంది. మాకు రెండూ కావాలి. బోటు ఒడ్డెక్కి ఉండగానే దాని ముఖం మీద అంటుకున్న గుల్లల్ని ఇనుప గీకుడుతో కాకుండా చెక్క ముక్కతో తీయించారు. అడుగుకు వేసే మామూలు రంగు దాని మీద పడనివ్వకండి, అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను తింటుంది, నీటితో కలిపే రకమే వేయాలి అని పెయింటరుకు కూడా చెప్పారు. ఇంత శ్రద్ధ తీసుకునే మనిషిని నేను ఈ పనిలో ఇంతకుముందు చూడలేదు.

ఇక జీపీఎస్. దాని తెరలో తేదీ 2005 అని పడుతోంది. అందుకే అది చెడిపోయిందని బాబాయి నమ్మకం. తేదీ ఒక్కదాని కోసం సెట్టు పారేయకండి అన్నారు మెకానిక్. పాత జీపీఎస్ సంకేతంలో వారాల లెక్కకు పది బిట్లే ఉంటాయి, 1024 వారాలు కాగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి అలా తిరిగింది. కొన్ని పాత సెట్లు దాన్ని అర్థం చేసుకోలేక దాదాపు 20 ఏళ్లు వెనక్కి వెళ్లిన తేదీ చూపిస్తాయి. అక్షాంశ రేఖాంశాలు మాత్రం చాలావాటిలో సరిగ్గానే వస్తాయి. హార్బర్‌లో నిలిచిన చోటే మా సెట్టునూ తన చేతి సెట్టునూ పక్కపక్కన పెట్టి చూపించారు, రెండూ కలిశాయి.

పైకప్పు మీది యాంటెన్నా కనెక్టరు విప్పితే లోపలంతా చిలుము. ఆ యాంటెన్నాకు కరెంటు కూడా అదే కేబుల్లో వెళుతుంది, కాబట్టి ఉప్పునీరు దిగితే ఉపగ్రహాలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. కొత్త కేబుల్ వేయగానే సిగ్నల్ బలంగా వచ్చింది. ఆయన అక్కడితో ఆపి డబ్బు తీసుకున్నా మేం సంతోషంగానే వెళ్లేవాళ్లం.

కానీ ఆయన ఒక్కో బటనూ నొక్కి చూశారు. మనిషి నీళ్లలో పడిన చోటు గుర్తుపెట్టడానికి నొక్కే ఎంఓబీ బటన్ పలకలేదు. రబ్బరు కింద పొర అరిగిపోయింది. తెర కూడా ఒక మూల నల్లగా పాకుతోంది. ఆ మోడల్‌కు కొత్త విడిభాగాలు దొరకవు. ఆయన అలమరలో చచ్చిపోయిన సెట్లు గుట్టగా ఉన్నాయి, వాటిలోంచి తీసి వేయగలరు. "వేస్తాను, డబ్బు కూడా వస్తుంది. కానీ ఆ ముక్కకూ దీని వయసే. రాత్రిపూట కుర్రాడు జారిపడితే ఈ బటన్ మీద నమ్మకం పెట్టుకుంటారా?" అని నాన్నను అడిగారు. నాన్న మారు మాట్లాడలేదు. జీపీఎస్ చెప్పే చోటును మ్యాప్ మీద చూపించే కొత్త ప్లాటర్ చెన్నైలోనే ప్యారిస్ కార్నర్ వైపు వేరే దుకాణంలో కొన్నాం. పాతదాన్ని వేరే ఫ్యూజు మీద పక్కనే ఉంచాం, కొత్తది ఆగిపోతే ఇది ఉండాలని.

ఫోన్‌లో మ్యాప్ ఉందిగా, ఇంకెందుకు అని మా తమ్ముడి స్నేహితులు అంటారు. తడిచేతులకు ఫోను పలకదు, మధ్యాహ్నం ఎండలో వేడెక్కి ఆగిపోతుంది. మేం వెళ్లేది పులికాట్, శ్రీహరికోట మీదుగా నెల్లూరు వైపు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ నీళ్లలోకి రావద్దని ముందే హెచ్చరిక వస్తుంది. రాష్ట్రం హద్దుల మీద, ఒడ్డుకు ఎంత దూరంలో వల వేశామన్న దాని మీద గొడవలూ మనకు కొత్త కాదు. ఎక్కడున్నామో కచ్చితంగా చెప్పగలగాలి.

కొత్త ప్లాటర్‌తో అసలు పని తర్వాత మొదలైంది. ఏళ్ల తరబడి బాబాయి దాచుకున్న చోట్లు, రాళ్లున్న చోట్లు, వల చిక్కుకునే మునిగిన బోటు చోట్లు, అన్నీ పాత సెట్టులోనూ ఒక నోటుపుస్తకంలోనూ ఉన్నాయి. వాటి విలువ రెండు సెట్ల ధర కంటే ఎక్కువ. పుస్తకం తెరవగానే మెకానిక్ అన్న అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, చివరి రెండంకెలూ సెకన్లా, నిమిషంలో భాగమా?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఆయనే లెక్క వేసి చూపించారు. 13 డిగ్రీల 7.30 నిమిషాలు వేరు, 13 డిగ్రీల 7 నిమిషాల 30 సెకన్లు వేరు. 30 సెకన్లంటే అర నిమిషం. రెంటికీ తేడా 0.2 నిమిషం. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. కాబట్టి తేడా దాదాపు 370 మీటర్లు. మునిగిన బోటుకు 370 మీటర్లు అటో ఇటో అయితే వల మొత్తం పోతుంది. బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని, పాత సెట్టు తెర మీద ఉన్నదాంతో పుస్తకాన్ని పోల్చి, కొత్త ప్లాటర్‌లో అంకెల తీరునూ, జీపీఎస్ లెక్కకు ఆధారమైన డబ్ల్యూజీఎస్ 84 అన్న సెట్టింగునూ ముందు సరిచేసి, ఆ తర్వాతే ఒక్కొక్క చోటూ ఎక్కించారు. ఒకరు చదివారు, ఒకరు కొట్టారు, నేను మళ్లీ చదివి సరిచూశాను. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు తెలుగులో పంపే చేపల సమాచారంలోని అక్షాంశ రేఖాంశాలను ఎలా కొట్టాలో కూడా బాబాయికి నేర్పారు.

ఖర్చు చెప్తాను. బోటు దగ్గరికి వచ్చినందుకు 500, ఎకో మరమ్మతు విడిభాగాలతో 3,800, యాంటెన్నా కేబుల్, కనెక్టర్లు 1,600, చోట్లు ఎక్కించినందుకు 1,000. కొత్త ఎకో, ట్రాన్స్‌డ్యూసర్ కలిపి లక్ష దాటుతుందని మాకు వేరే చోట చెప్పారు.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకు ఇవ్వరు, రెండుసార్లు తిప్పారు. అడిగితే తప్ప బిల్లు రాయరు, మూడు నెలల హామీ కూడా నోటిమాటే. నేను అడిగి బిల్లు వెనక రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. ఒక్కరే పని చేస్తారు కాబట్టి జూన్‌లో వెళితే దొరకరు. రాడార్ పట్టుకోరు, దానికి వేరేవాళ్లను చూసుకోవాలి.

వెళ్లేటప్పుడు సెట్టు ఒక్కటే సంచీలో వేసుకుని వెళ్లకండి. ట్రాన్స్‌డ్యూసర్ మీద, లేదా దాని కేబుల్ చీటీ మీద రాసి ఉన్న వాట్లు, కిలోహెర్ట్జ్ ఫోటో తీసుకోండి, బోటు 12 వోల్టులో 24 వోల్టులో కనుక్కోండి, చోట్ల పుస్తకం ఉంటే దాన్నీ, అది రాసిన మనిషినీ వెంట తీసుకెళ్లండి. ఏప్రిల్ ఆఖరులో అయితే ఆయన బోటు దగ్గరికి ఆ వారంలోనే వస్తారు.