కారు కౌంటర్ దగ్గర బాదుడు, మెరిదాలో కడుపునిండా తిండి

మెక్సికోలో కాన్‌కున్ ఎయిర్‌పోర్టులో కారు అద్దెకి తీసుకుందామనుకునేవాళ్ళు ఆన్‌లైన్‌లో కనిపించే రేటు నమ్మకండి. రోజుకి 11 డాలర్లే కదా అని మేం బుక్ చేసేశాం. ముందుగానే 55 కట్టించుకున్నారు. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, రోజుకి ఇంకో 24 అన్నాడు. తప్పనిసరి అన్నది నిజమే, కాదనను. కానీ బుకింగ్ పేజీలో ఆ ముక్క ఎక్కడా లేదు. సరే కడతామంటే, ఇంకోటి తీశాడు. డ్యామేజీకి మా క్రెడిట్ కార్డు కవరేజీ చెల్లదట. వాళ్ళ ప్యాకేజీ తీసుకోకపోతే కార్డు మీద 2,500 డాలర్లు హోల్డ్ పెడతారట. కవరేజీ ఉందని బ్యాంకు ఇచ్చిన లెటర్ చూపిస్తే కనీసం చేత్తో ముట్టుకోలేదు. ప్యాకేజీతో కలిపి లెక్కేస్తే రోజుకి 70 దాటింది. మా ఆయన గొంతు పెంచేకొద్దీ అతను ఇంకా చల్లగా నవ్వుతున్నాడు. సూట్‌కేసు మీద కూర్చున్న అత్తయ్య మాత్రం ఒకటే అడిగారు: "ఈ ఊళ్ళో బస్సుల్లేవా?"

ఉన్నాయి, భేషుగ్గా ఉన్నాయి. ఆ 55కి నీళ్ళొదిలేసి ఏడీఓ అనే కంపెనీ బస్సెక్కాం. పక్క రాష్ట్రంలోని మెరిదా నగరానికి నాలుగు గంటల పైచిలుకు, మనిషికి 640 పెసోలు. సీట్లు బాగున్నాయి, ఏసీకి మాత్రం వణికిపోయాం, శాలువా దగ్గరుంచుకోండి. అన్నట్టు, ఇండియన్ పాస్‌పోర్టు మీద అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. అత్తయ్య అలాగే వచ్చారు.

మాయా నాగరికత నాటి శిథిలాలున్న చిచెన్ ఇట్సా చూశాం, బాగుంది. పిరమిడ్ ఎక్కనివ్వరు. టికెట్లు రెండు కొనాలి, ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. గేటు తీసే వేళకే వెళ్ళకపోతే ఎండకి మాడిపోతారు.

నేను చెప్పాలనుకున్నది మెరిదా తిండి గురించి. ప్లాజా, అంటే ఊరి నడుమనున్న చౌకు, దాని చుట్టూ ఉన్న రెస్టారెంట్ల జోలికి పోకండి. నాలుగు వీధులు లోపలికి నడిస్తే 'కొసీనా ఎకనోమికా' అని బోర్డులుంటాయి. మన మెస్సుల్లాంటివే, మధ్యాహ్నం మాత్రమే నడుస్తాయి. మాకు దొరికిన దాంట్లో ప్లేటు భోజనం 95 పెసోలు. సోమవారం వెళ్తే ఊరు ఊరంతా నల్ల చిక్కుడు గింజలతో పంది మాంసం వండుకుంటుంది, అక్కడి ఆనవాయితీ అది. శాకాహారులకి ఆ రోజు కష్టమే. ఇంకో చిక్కు, 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అని అడిగితే చికెన్ పట్టుకొస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు మరి! 'సిన్ పోయో' (చికెన్ లేకుండా) అని కూడా చెప్పండి, గింజల్లో పంది కొవ్వు వేశారేమో అడగండి.

అత్తయ్య మాంసం ముట్టరు, గుడ్డు తింటారు కాబట్టి గట్టెక్కాం. ఆ మెస్సావిడ పాపద్సూలెస్ పెట్టింది. ఉడికించిన గుడ్డు ముక్కలు పెట్టి చుట్టిన టోర్టియాలు, పైన గుమ్మడి గింజలు నూరి చేసిన పచ్చని గుజ్జు, దాని మీద టమాటా. పక్కన చిన్న గిన్నెలో సికిల్ పాక్, అంటే గుమ్మడి గింజలూ కాల్చిన టమాటా కలిపి నూరిన పచ్చడి. అత్తయ్య వేలితో నాకి చూసి, కాసేపు ఆలోచించి, "తాలింపొక్కటే తక్కువ" అన్నారు. హబనేరో మిరపకాయ కొరికి చూపిస్తానన్న మా ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ హమైకా నీళ్ళు రెండు గ్లాసులు తాగేశారు. ఆ ఎర్ర పానీయం ఎర్ర గోంగూర కాయల తొడుగులతో చేసేదే. పులుపు నాలిక్కి తగలగానే అత్తయ్యే పట్టేశారు.

సోమవారం రాత్రి మున్సిపాలిటీ భవనం ముందు హరానా అనే అక్కడి జానపద నాట్యం ఉంటుంది, పైసా అక్కర్లేదు. నెత్తిన ట్రేలో సీసాలు నిలబెట్టుకుని ఆడతారు. దానికోసం ఓ రాత్రి ఎక్కువ ఉన్నా తప్పులేదు. గది 1,150 పెసోలు, గోడలకి ఉయ్యాల మంచం కట్టుకునే కొక్కేలున్నాయి. అత్తయ్య మంచం మాకొదిలేసి హాయిగా ఆ ఉయ్యాల్లోనే పడుకున్నారు.

అక్కడ అందరూ మెచ్చుకునే మార్కెసీతా నాకు నచ్చలేదు. కరకరలాడే అట్టులో ఎడమ్ చీజ్ తురుము, దాంతోపాటు తీపి, 50 పెసోలు దండగ. అన్నిటికంటే ముఖ్యం, తిరుగు ప్రయాణంలో గడియారం చూసుకోండి. కాన్‌కున్ టైము మెరిదాకంటే గంట ముందుంటుంది. ఫ్లైటు మధ్యాహ్నం రెండింటికైతే, మెరిదా గడియారంలో అది ఒంటిగంటే.