కీబోర్డు ఇన్‌పుట్‌కు ఏది మేలు: స్కాన్ఎఫ్ లేక ఎఫ్‌గెట్స్?

సి ప్రోగ్రామింగ్ భాషలో కీబోర్డు నుంచి చదవడానికి రెండు ఫంక్షన్లున్నాయి: చెప్పిన రకం విలువను తీసుకునే స్కాన్ఎఫ్, లైను మొత్తం తీసుకునే ఎఫ్‌గెట్స్. బెంగళూరు మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ కోచింగ్ సెంటర్లలో సి మొదలుపెట్టే మనవాళ్లు ముందు పట్టుకునేది స్కాన్ఎఫ్‌నే. రెండు అంకెలు తీసుకుని కూడటానికి అది చాలు. చిక్కంతా మనిషి కూర్చుని టైప్ చేసే ప్రోగ్రామ్‌లోనే.

పీజీలో చేరేవాళ్ల వివరాలు తీసుకోవాలనుకోండి. రూము నంబరుకు %డి (అంకె చదివేది), భోజనం కావాలా అన్నదానికి %సి (ఒక్క అక్షరం చదివేది) పెట్టారు. 204 కొట్టి ఎంటర్ నొక్కగానే రెండో ప్రశ్న మీ జవాబు కోసం ఆగకుండా దాటిపోతుంది. %డి 204ను తీసుకుని వెనకున్న న్యూలైన్‌ను (ఎంటర్ గుర్తు) బఫర్‌లోనే (టైప్ చేసింది ఆగి ఉండే చోటు) వదిలేసింది, %సి దాన్నే జవాబనుకుంది. %సి ముందు ఒక స్పేస్ పెడితే సరిపోతుంది. కీబోర్డు ఇన్‌పుట్ వచ్చే ఎస్‌టీడీఇన్‌ను ఎఫ్‌ఫ్లష్ ఫంక్షన్‌తో ఖాళీ చెయ్యమని చాలా నోట్సుల్లో ఉంటుంది. అలా చేస్తే ఏం జరగాలో సి ప్రమాణం చెప్పనే లేదు, నమ్మొద్దు.

నంబరు అడిగితే ఎవరైనా అక్షరాలు కొట్టారా, ఇంకా ఘోరం. %డి వాటిని ముట్టుకోదు. లూప్‌లో ఉంటే అవే మళ్లీ మళ్లీ ఎదురై స్క్రీన్ ఆగకుండా పరిగెడుతుంది. స్కాన్ఎఫ్ 1 (ఒక విలువ చదివాను అని) తిరిగిచ్చిందో లేదో చూసుకోవాల్సింది ఇందుకే. "12ఎ" కొడితే మాత్రం 12 తీసుకుని 1 అనే చెబుతుంది. మిగిలిన "ఎ" తర్వాతి ప్రశ్న మీద పడుతుంది.

లైను చదివే పాత ఫంక్షన్ గెట్స్ ఊసే వద్దు. ఎంత చదవాలో దానికి హద్దు లేదు. 1988లో మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రామ్ కంప్యూటర్లలోకి దూరిన దారుల్లో అదొకటి. 2011 నాటి సి11 ప్రమాణంలో తీసేశారు.

ఎఫ్‌గెట్స్‌కు సైజు చెప్పాలి, 20 అంటే 19 బైట్లే చదువుతుంది, చివరిది ముగింపు గుర్తైన సున్నా బైటుకు. స్కాన్ఎఫ్‌లో పదం చదివే %ఎస్‌కు "వెంకట రమణ"లో "వెంకట"తోనే సరి, ఎఫ్‌గెట్స్ లైనంతా తీసుకుంటుంది. కానీ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. "వెంకట"కు 15, స్పేస్‌కు 1, "ర"కు 3: 20 సైజు బఫర్ అక్కడే నిండిపోతుంది. మిగిలిన "మణ" తర్వాతి ఎఫ్‌గెట్స్‌కు వెళుతుంది. పేర్లకు 128 ఇవ్వండి, పిసినారితనం వద్దు. చివర మిగిలే న్యూలైన్‌ను స్ట్ర్‌సీస్పాన్ ఫంక్షన్‌తో చోటు కనిపెట్టి సున్నా బైటుతో చెరిపేయాలి. బఫర్‌ను ఫంక్షన్‌కు పంపి అక్కడ సైజు చెప్పే సైజ్ఆఫ్ వాడితే వచ్చేది బఫర్ సైజు కాదు, దాని అడ్రసును దాచే పాయింటర్ సైజు, 64-బిట్ మెషీన్‌లో 8. సైజును విడిగా పంపండి.

అంకె కావాలంటే ఆ లైనును, అక్షరాలను అంకెగా మార్చే స్ట్ర్‌టోల్‌కు ఇవ్వండి, బేస్ 10 (మామూలు దశాంశ అంకెలు). అది ఎక్కడ ఆగిందో ఎండ్ పాయింటర్ చెబుతుంది. మొదటి అక్షరం దగ్గరే ఉంటే అంకే లేదు. "12ఎ" అయితే "ఎ" దగ్గర ఆగుతుంది, అప్పుడు మళ్లీ అడగొచ్చు.

నాలుగు లైన్లు ఎక్కువైనా మనిషి టైప్ చేసేదానికి ఎఫ్‌గెట్సే మేలు. ఇన్‌పుట్ వరస ముందే తెలిసిన ల్యాబ్ పరీక్షకు, కోడింగ్ కాంటెస్టుకు స్కాన్ఎఫ్ హాయి. ఒకే ప్రోగ్రామ్‌లో రెంటినీ కలిపితే మాత్రం స్కాన్ఎఫ్ వదిలిన న్యూలైన్‌ను ఎఫ్‌గెట్స్ ఖాళీ లైనుగా చదివేసి, పేరు కోసం ఆగకుండానే ముందుకెళ్తుంది.