ఊనోనా, ఈఎస్‌పీ32నా: పిల్లల రోబోకి ఏది మేలు?

పిల్లల రోబో పోటీల సీజన్ వస్తే చాలు, ఇటు కాశీనగర్ నుంచీ అటు పాతపట్నం నుంచీ ఒకటే ప్రశ్న: "సార్, ఊనో కొనమంటారా, ఈఎస్‌పీ32 కొనమంటారా?" రెండూ రోబోకి మెదడులా పనిచేసే చిన్న సర్క్యూట్ బోర్డులే, ఊనో అంటే ఇక్కడ ఆర్డుయినో ఊనో ఆర్3. మా పర్లాకిమిడి టీముకి ఈమధ్యే బోర్డులు కొన్నాను కాబట్టి నాకు తోచింది చెప్తాను.

అంకెలు చూస్తే అసలు పోటీయే లేదు. ఊనోది 16 మెగాహెర్ట్జ్, ర్యామ్ 2 కేబీ. ఈఎస్‌పీ32లో రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్, 520 కేబీ, పైగా వైఫై, బ్లూటూత్ బోర్డులోనే ఉన్నాయి. క్లోన్ ఊనోకీ (అదే డిజైన్‌తో వేరేవాళ్లు చేసేది) ఈఎస్‌పీ32కీ ధరలో పెద్ద తేడా లేదు. అందుకే పోయినేడు నేనూ ఈఎస్‌పీ32లే తెచ్చాను.

మా ఎనిమిదో తరగతి పిల్లాడు అల్ట్రాసోనిక్ సెన్సర్ (శబ్దంతో దూరం కొలిచేది) ఎకో వైరుని, అంటే కొలత పంపే వైరుని, తిన్నగా బోర్డు పిన్నుకి కలిపేశాడు. సెన్సర్ ఇచ్చేది 5 వోల్టులు, పిన్ను పనిచేసేది 3.3 మీద. మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ తగ్గించాలి. మొదటి రోజు బాగానే నడిచింది, తర్వాత ఆ పిన్ను పోయింది. కొత్త బోర్డు విశాఖ నుంచి కొరియర్‌లో వచ్చేదాకా పిల్లలు ఖాళీగా కూర్చున్నారు, పోటీ దగ్గర పడుతుంటే వాళ్ల టెన్షన్ చూడలేకపోయాను.

అందుకే నాకు స్పీడు కంటే ఇదే ముఖ్యం: పిల్లలు తప్పు చేస్తే బోర్డు ఎంత ఓర్చుకుంటుంది, కాలిపోతే మన ఊళ్లోనే ఎలా బాగు చేసుకుంటాం. ఊనో 5 వోల్టుల బోర్డు, ఆ సెన్సర్ వైరు నేరుగా పెట్టినా ఏమీ కాదు. అలాగని దేనికైనా తట్టుకుంటుందని కాదు, మోటార్ని డ్రైవర్ (మోటార్‌కి కావాల్సిన కరెంటు ఇచ్చే బోర్డు) లేకుండా పిన్నుకే కలిపితే చిప్పు పోతుంది. కానీ సాకెట్ ఉన్న ఊనోలో పొడుగాటి ఏటీమెగా328పీ అనే ప్రధాన చిప్పుని చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పైకి లేపి ఇంకోటి పెడితే ఐదు నిమిషాల్లో బోర్డు లేచి కూర్చుంటుంది. లైన్ ఫాలోవర్‌కి (నేల మీద గీత వెంట నడిచే రోబో), అడ్డం వస్తే తప్పుకునే రోబోకి 2 కేబీ ర్యామ్ ధారాళంగా సరిపోతుంది.

ఫోనుతో నడిపే రోబో అయితే మాత్రం ఈఎస్‌పీ32 కొనండి, ఊనోకి విడిగా బ్లూటూత్ మాడ్యూల్ తగిలించే బాధ ఉండదు. అయితే పాత మామూలు రకమే తీసుకోండి. ఈఎస్‌పీ32లోనే సీ3, ఎస్3 అనే కొత్త రకాల్లో క్లాసిక్ బ్లూటూత్ (పాత పద్ధతి బ్లూటూత్) లేదు, ఊనోకి తగిలించే హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ కోసం చేసిన ఫోన్ యాప్‌లు వాటితో కలవవు. వైఫై ఆన్‌లో ఉంటే ఈఎస్‌పీ32లో కొన్ని అనలాగ్ పిన్నులు (వోల్టేజీ హెచ్చుతగ్గులు కొలిచేవి) రీడింగ్ ఇవ్వవు, లైన్ సెన్సర్లని 32 నుంచి 39 లోపు పిన్నులకే పెట్టండి.

వేరే బోర్డుల్లో రాస్ప్‌బెర్రీ పై పికో మంచిదే, మైక్రోపైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లకి హాయి, కానీ అదీ 3.3 వోల్టులదే. మైక్రోబిట్ బోర్డు చిన్న పిల్లలకి బాగుంటుంది, మన బడ్జెట్‌కి ఎక్కువ.

ఊనో కొనేటప్పుడు ఫొటో జాగ్రత్తగా చూడండి, చిన్న చదరపు చిప్పు అతికించి ఉంటే వద్దు, దాన్ని మార్చలేం. బూట్‌లోడర్ (యూఎస్‌బీ ద్వారా ప్రోగ్రాం ఎక్కేలా చేసే చిన్న కోడ్) ఎక్కించిన స్పేర్ చిప్పులు రెండు, సీహెచ్340 డ్రైవర్ (చాలా క్లోన్ ఊనోల్ని కంప్యూటర్ గుర్తుపట్టడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి పోటీకి వెళ్లే సంచీలో పెట్టుకోండి.