అమ్మ కోసం కొన్న కరెంటు దుప్పటి: రెండో చలికాలంలో నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద రాశాను.

ఇంగ్లాండ్‌లోని లీడ్స్‌లో మాది పాత ఇటుకల టెర్రస్ ఇల్లు, అంటే పక్కిళ్లతో గోడలు కలిసి వరసగా ఉండే రకం. బయటి గోడల మధ్య ఖాళీ లేదు, అందులో వేడి పోకుండా ఆపే ఇన్సులేషన్ కూరే వీలూ లేదు. పోయిన ఏడాది అక్టోబర్ చివర్లో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన రాత్రే స్వెటర్ మీద శాలువా, దాని మీద నా జాకెట్ వేసుకుని సోఫాలో ముడుచుకుని కూర్చుని, "ఫ్రిజ్‌లో కాపురం పెట్టార్రా మీరు" అంది. మేమిద్దరం ఆఫీసులకి పోయాక హాల్లో ఇంటి వేడిని పెంచి తగ్గించే థర్మోస్టాట్ ఎక్కడుందో కనిపెట్టేసి 24 డిగ్రీలకి తిప్పేసింది. సాయంత్రం వచ్చి చూస్తే వంటింట్లో స్మార్ట్ మీటర్ డిస్‌ప్లే ఆ ఒక్క రోజుకే గ్యాస్ 6 పౌండ్లు చూపిస్తోంది. మా ఆవిడేమో "అత్తయ్యకి నేను చెప్పలేను, మీరే చెప్పండి" అంది. నేనూ చెప్పలేకపోయాను. దేశం కాని దేశం వచ్చిన తల్లిని వేడి తగ్గించుకోమని ఎలా అంటాం?

మొదట ఒక తెలివితక్కువ పని చేశాను. ఇల్లంతా ఎందుకు, ఆవిడ కూర్చునే గది ఒక్కటి వెచ్చబెడదాం అని ఫ్యాన్ హీటర్ కొన్నాను. అది 2 కిలోవాట్లు, అంటే గంటకి రెండు యూనిట్లు. అప్పటి మా టారిఫ్‌లో కరెంటు యూనిట్ 26 పెన్స్, గ్యాస్ యూనిట్ 6 పెన్స్. గంటకి 52 పెన్స్ అన్నమాట, అదే వేడి, గ్యాస్‌తో నీళ్లు కాచి గదుల్లో రేడియేటర్లకి పంపే బాయిలర్ ఇస్తే 14 పెన్స్‌లో అయిపోతుంది. ఒక్క గదిని కాసేపు వెచ్చబెట్టడానికి పనికొస్తుందేమో గానీ, రోజంతా వేస్తే ఇల్లంతా కాచినంత ఖర్చు. వారంలో దాన్ని మెట్ల కింద పెట్టేశాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

అప్పుడు ఆఫీసులో ఒకావిడ చెప్పింది హీటెడ్ త్రో గురించి. పక్క మీద పరుపుకి వేసే బ్లాంకెట్ కాదు, సోఫాలో కూర్చుని కప్పుకునేది. లోపల సన్నటి వైర్లు, చేతిలో ఒక కంట్రోలర్. 40 పౌండ్లు. బ్రాండ్ చెప్పడం లేదు, ఎందుకంటే షాపులో చూసినవన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. మాది ఫుల్‌లో పెడితే 120 వాట్లు. ఎనిమిది గంటలు అలాగే వాడినా ఒక యూనిట్ దాటదు, పాతిక పెన్స్. నిజానికి ఫుల్‌లో పది నిమిషాలుంటే చాలు, తర్వాత రెండులోనో మూడులోనో పెట్టుకోవచ్చు, ఇంకా తక్కువే కాలుతుంది. కరెంటు గ్యాస్‌కి నాలుగింతల ధర అయినా ఇది గెలుస్తుంది, గదిలో గాలిని, గోడల్ని కాచే పని పెట్టుకోకుండా మనిషినే కాస్తుంది కాబట్టి. అమ్మ మొదటి రోజే "కుంపటి ఒళ్లో పెట్టుకున్నట్టుందిరా" అంది. ఆ సాయంత్రం థర్మోస్టాట్ తనే తగ్గించింది, నేను నోరు విప్పలేదు.

అయితే దుప్పటి కొన్నాం కదా అని హీటింగ్ ఆపేయకండి, ఇది గట్టిగా చెప్తున్నా. మాకు తెలిసినాయన ఒకరు అలా చేసి ఫిబ్రవరికల్లా పడకగది మూలల్లో నల్ల బూజు తెచ్చుకున్నారు. దుప్పటి మనిషిని వెచ్చబెడుతుంది, గోడని ఆరబెట్టదు. పైగా మనం వండే వంటకి, ఇంట్లోనే ఆరేసే బట్టలకి తేమ మామూలుగా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లలో కనీసం 18 డిగ్రీలు ఉండాలంటుంది, పెద్దవాళ్లకి ఇంకాస్త ఎక్కువే మంచిదంటుంది. మేం పగలంతా 19లో ఉంచాం. ఎవరూ పడుకోని పై గదిలో రేడియేటర్ వాల్వ్ రెండుకి తిప్పాం, పూర్తిగా కట్టేయలేదు.

ఇంకో పని కూడా అదే వారం చేశాను, బిల్లు తగ్గడంలో దానికీ వాటా ఉంది కాబట్టి దాచడం న్యాయం కాదు. మాది కాంబీ బాయిలర్, అంటే ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచే రకం. రేడియేటర్లకి పంపే నీళ్ల వేడి 75లో ఉంటే 55కి దించాను. ఇక్కడ 2005 నుంచి పెడుతున్న గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు 55 కంటే చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరుగా మారి, ఆ వేడి కూడా మనకి దక్కుతుంది. 75లో నడిపితే అది గొట్టంలోంచి వీధిలోకి పోతుంది. డయల్ తిప్పడానికి ఖర్చేం లేదు. ఇల్లు వేడెక్కడానికి మాత్రం ఎక్కువ సేపు పడుతుంది, పొద్దున అరగంట ముందు ఆన్ చేసుకోవాలి. వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇళ్లలో మాత్రం ఇలా దించేయకూడదు, ట్యాంకులో నీళ్లు 60లో ఉండకపోతే లీజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. మర్నాడు అమ్మ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి "ఇది పాడైపోయింది, ఎవరినైనా పిలువు" అంది. చెయ్యి కాలకపోతే పని చెయ్యనట్టే ఆవిడ లెక్కలో.

రోజుకి ఆరు పౌండ్లు కాస్తా గ్యాస్, దుప్పటి కలిపి నాలుగు చిల్లరకి వచ్చింది. మంచు పడిన వారాలు వేరే లెక్క, అప్పుడు ఏం చేసినా పెరిగింది. ఇందులో దుప్పటి వాటా ఎంత, బాయిలర్ వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను. బ్యాంకులో కట్ అయ్యే డైరెక్ట్ డెబిట్ చూసి తేడా లేదనుకోకండి, అది ఏడాది అంచనా మీద నడుస్తుంది, మీటర్‌లో యూనిట్లు చూసుకోవాలి.

ఇక ఆ ఒక్క స్టార్ సంగతి. మూడు గంటలకోసారి దానంతటదే ఆగిపోతుంది. భద్రత కోసమే, కాదనను. కానీ అమ్మకి సీరియల్ మధ్యలో కాళ్లు చల్లబడేసరికి కంట్రోలర్ కోసం వెతుక్కోవడం, దాని మీద అంకెలు చీమ తలకాయంత ఉండడం, కళ్లజోడు ఎక్కడో ఉండడం. వైరు కూడా పొట్టి, సోఫాని ప్లగ్ దగ్గరికి జరపాల్సి వచ్చింది. ఉతకడం తేలికే, కంట్రోలర్ ఊడదీసి మెషీన్‌లో వేస్తే చాలు, పిండకూడదు, పూర్తిగా ఆరితే గానీ ప్లగ్ పెట్టకూడదు.

అమ్మకి షుగర్ ఉంది. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, కాలుతున్నా తెలియదు. డబ్బాలో కాగితం మీద ఈ సంగతి ఉంది, ఎవరు చదువుతారు? మేం కాళ్ల మీద వేడి ఒకటో నంబర్ దాటి పెట్టం, లోపల సాక్స్ తప్పనిసరి, రాత్రి పాదాలు ఒకసారి చూస్తాం. మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే కొనేముందే డాక్టర్‌ని అడగండి. పసిపిల్లలకైతే వాడొద్దు.

ఈ ఏడాది మళ్లీ వచ్చింది. సూట్‌కేసు తెరవకముందే "ఆ దుప్పటి ఉందా, పారేశావా" అని అడిగింది. మొన్న ఆదివారం లేచి చూస్తే సోఫా మీద దుప్పటి మూటలా చుట్టి ఉంది, లైటు వెలుగుతోంది. విప్పితే లోపల ఇడ్లీపిండి గిన్నె! ఈ చలికి వంటింట్లో పిండి పులవడం లేదని రాత్రి రెండుసార్లు లేచి ఆన్ చేసిందట. వైర్లు మడతపడితే అక్కడే కాలిపోతుంది, పిండి ఒలికితే షాక్ కొడుతుందని అరిచాను. ఇప్పుడు పిండి గిన్నె ఆఫ్ చేసిన ఓవెన్‌లో, లోపలి బల్బు ఒక్కటి వేసి పెడుతున్నాం. అయినా చెప్పాలి, ఆ రోజు ఇడ్లీలు దూదిలా వచ్చాయి.