వెనిస్‌లో ఒక్క పూట మిగిలితే: ఫ్రారి చర్చా, ఘెట్టో సినగోగులా, అకాడెమియా మ్యూజియమా?

వెనిస్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది సెయింట్ మార్క్ కూడలి, రియాల్టో వంతెన, గొండోలాలో నాలుగు ఫోటోలు, అంతే, సాయంత్రానికి రైలెక్కేస్తారు. అవి చూడాల్సినవే, కాదనను. ఇంకో పూట చేతిలో ఉంటే ఎటు వెళ్ళాలని అడిగినవాళ్ళకి మాత్రం నేను మూడు చోట్ల పేర్లు చెబుతాను: ఫ్రారి చర్చి, పాత యూదుల వాడ ఘెట్టోలోని సినగోగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), చిత్రాలకి పేరున్న అకాడెమియా మ్యూజియం. మూడూ ఒకే పూటలో కుదరవు. కాబట్టి ఏది ముందన్నది తేల్చుకోవాలి.

1516 మార్చి 29న వెనిస్ సెనేట్, నగరంలోని యూదులందరూ ఒక చిన్న దీవిలోనే ఉండాలని శాసనం చేసింది. అదే ఏడాది ఫ్రారి చర్చిలోని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ప్రధాన బలిపీఠానికి ఒక పెద్ద చిత్రం వేయమని టిషియన్ అనే యువ చిత్రకారుణ్ణి అడిగారు. ఆ చిత్రమూ ఆ వాడా ఈ రోజుకీ అక్కడే ఉన్నాయి. రెండింటి మధ్య దూరం కాలినడకనే.

ఫ్రారి బయటి నుంచి చూస్తే పెద్ద ఇటుక గోడ, అంతే. లోపలికి అడుగుపెడితే నడిమి కమాను గుండా దూరాన మేరీమాత స్వర్గానికి వెళ్తున్న చిత్రం కనిపిస్తుంది. 1518లో పూర్తయిన ఈ చిత్రం ఎత్తు దాదాపు 7 మీటర్లు. ఎర్ర దుస్తుల్లో ఆమె పైకి లేస్తుంటే కింద శిష్యులు చేతులు చాచి నిలబడ్డారు. వెనక పొడుగాటి కిటికీల్లోంచి వెలుగు పడుతుంది. ఆ కమానూ ఆ వెలుగూ లేకపోతే ఈ బొమ్మ సగమే అనిపిస్తుంది.

ఇది ఊహించి అంటున్న మాట కాదు. 19వ శతాబ్దం మొదట్లో ఈ చిత్రాన్ని చర్చిలోంచి తీసి అకాడెమియాలో పెట్టారు. సుమారు వందేళ్ళు మ్యూజియంలో ఉండి, 1919లో తన చోటికి తిరిగొచ్చింది. టిషియన్ చివరి చిత్రానికి ఆ భాగ్యం దక్కలేదు. తన సమాధి దగ్గర ఉండాలని ఆయన ఫ్రారి కోసం వేసుకున్న ‘పియెతా’ అది, అంటే చనిపోయిన ఏసుని ఒడిలో పెట్టుకున్న మేరీమాత బొమ్మ. 1576లో, ప్లేగు నగరాన్ని తినేస్తున్న రోజుల్లో ఆయన పోయారు. మనిషి ఫ్రారిలో ఉన్నాడు, బొమ్మ అకాడెమియాలో ఉంది. నాకు అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అకాడెమియాని తక్కువ చేయడం లేదు. నెపోలియన్ కాలంలో మఠాలు, చర్చిలు మూసేసినప్పుడు చెల్లాచెదురు కావాల్సిన ఎన్నో చిత్రాలు ఇక్కడికి చేరి బతికాయి. జార్జోనే వేసిన ‘తుఫాను’ కోసమే అక్కడికి వెళ్ళేవాళ్ళున్నారు. ఒక గదిలో మాత్రం తప్పక ఆగండి. చిన్నారి మేరీ ఒంటరిగా గుడి మెట్లెక్కే టిషియన్ చిత్రం, ఏ గది గోడ కోసం వేశారో ఆ గోడ మీదే ఇప్పటికీ ఉంది. అయితే బొమ్మల మీద మక్కువ, ఓపిక ఉన్నవాళ్ళకే ఈ మ్యూజియం. పిల్లలతో వెళ్తే మూడో గది దాటేసరికి కాళ్ళు నొప్పులంటారు.

ఇక ఘెట్టో. ఆ మాట పుట్టింది ఇక్కడే. అంతకుముందు ఆ దీవిలో రాగి పోత పోసే కొలిమి ఉండేది, దాని పేరే వాడకి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. రాత్రయితే గేట్లు మూసేవారు, కాపలావాళ్ళ జీతం యూదులే కట్టాలి. జనం పెరిగారు, నేల పెరగలేదు. అందుకని ఇళ్ళు పైకి పెరిగాయి. వెనిస్‌లో మరెక్కడా కనిపించనంత ఎత్తుగా ఏడెనిమిది అంతస్తులు, పొట్టి కప్పులు. 1797లో నెపోలియన్ సేనలు వచ్చాకే గేట్లు పోయాయి.

సినగోగులు ఐదు. వాటిని ‘స్కోలా’ అంటారు, అంటే బడి. వాటిలో ఎక్కువ మామూలు ఇళ్ళ పై అంతస్తుల్లో ఉంటాయి కాబట్టి చెప్పకపోతే ఎవరూ గుర్తుపట్టరు. 1528 నాటి జర్మన్ స్కోలాని వరసగా ఉన్న ఐదు పెద్ద కిటికీలతో పోల్చుకోవచ్చు. అవి యూదుల పవిత్ర గ్రంథం తోరాలోని ఐదు భాగాలకి గుర్తు. లోపల గది వంకరగా ఉంటుంది, ఉన్న ఇంట్లోనే ఇరికించారు మరి. ఆ వంకర తెలియకుండా పైన ఆడవాళ్ళ గ్యాలరీని కోడిగుడ్డు ఆకారంలో కట్టారు. ఇరుకులో కూడా తమ ప్రార్థనా స్థలం అందంగా ఉండాలని తపించిన మనుషుల పని అది.

కింద కూడలి గోడ మీద నాజీల కాలంలో బలైనవాళ్ళ గుర్తుగా కంచు శిల్పాలున్నాయి. 1943, 44ల్లో వెనిస్ నుంచి 246 మంది యూదుల్ని పట్టుకెళ్ళారు, తిరిగొచ్చింది ఎనిమిది మంది. సంఘం పెద్ద, డాక్టర్ జుసెప్పె జోనా, తమవాళ్ళ పేర్ల జాబితా నాజీలకి అప్పగించడం ఇష్టం లేక ప్రాణం తీసుకున్నారు. ఆ కూడలిలో ఇప్పుడు పిల్లలు బంతాట ఆడుకుంటుంటారు.

నా ఓటు ముందు ఘెట్టోకే. చిత్రాల్ని కనీసం పుస్తకాల్లోనైనా చూడొచ్చు. ఆ ఇరుకు మెట్లెక్కి, వెలుగు నిండిన గదిలోకి అడుగుపెట్టడం మాత్రం ఎవరికి వాళ్ళు చేయాల్సిందే. ఆ తర్వాత టైముంటే ఫ్రారి. స్టేషన్ నుంచి రెండూ నడిచి వెళ్ళేంత దూరమే. బొమ్మలంటే ప్రాణమైతే తప్ప అకాడెమియాని ఇంకో రోజుకి ఉంచుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. సినగోగుల్ని చూపించే యూదుల మ్యూజియం శనివారం, వాళ్ళ పండుగ రోజుల్లో ఉండదు. మేము మొదటిసారి శనివారం వెళ్ళి మూసిన తలుపు చూసి వచ్చాం. సినగోగుల్లోకి గైడ్‌తోనే పంపుతారు. మరమ్మతుల్ని బట్టి ఏ స్కోలా చూపిస్తారన్నది మారుతుంది, బుక్ చేసేటప్పుడే అడగండి. ఆదివారం పొద్దున చర్చిల్లో పూజ జరుగుతుంది, చూడ్డానికి మధ్యాహ్నం వెళ్ళండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. మగవాళ్ళు ఒక టోపీ దగ్గర ఉంచుకోండి: సినగోగులో అది తల మీద ఉండాలి, చర్చిలో చేతిలో ఉండాలి.