పగడాల ట్యాంకుకు ఏ లైటు మేలు: మెటల్ హాలైడా, టీ5 ట్యూబులా, ఎల్‌ఈడీనా?

మొన్న డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో కొత్తగా ఇల్లు కొన్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, 120 గ్యాలన్ల ట్యాంక్ తెచ్చేశాను, స్టాండ్ కూడా వచ్చేసింది. లైటు దగ్గరే ఆగిపోయాను. ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు. మీరైతే ఏది కొంటారు?" కొలతలు అడిగాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. మా ఇంట్లో ఉన్నదీ సరిగ్గా అదే. డాలస్‌లో తొమ్మిదేళ్లుగా దాన్ని నడుపుతున్నాను, ఈ మూడు రకాల లైట్లూ దానిమీద వేలాడినవే. వాడికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

చేపల ట్యాంకులో లైటు మనం చూసుకోవడానికి. పగడాల ట్యాంకులో అది తిండి. కోరల్, అంటే పగడం, ఒంట్లో జూజాంతెల్లే అనే అతి చిన్న ఆల్గే కాపురముంటుంది. పగలంతా వెలుగుతో అది ఆహారం తయారు చేసి, అందులో ఎక్కువ భాగం కోరల్‌కే ఇస్తుంది. అందుకే వాట్లూ ల్యూమెన్లూ చూసి కొంటే లాభం లేదు. ఆల్గే వాడుకోగల వెలుగు, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యది, ఎంత పడుతోందో చూడాలి. దాని కొలతే పార్. మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి కోరల్స్‌కు 50 నుంచి 150 చాలు. హామర్, టార్చ్ అనే కోరల్స్‌కూ దాదాపు అంతే. ఆక్రోపోరా లాంటి కొమ్మల పగడాలకు మాత్రం 200 నుంచి 350 దాకా కావాలి.

మొదట నా దగ్గరున్నవి 250 వాట్ల మెటల్ హాలైడ్ బల్బులు రెండు, 14,000 కెల్విన్ రంగువి, అంటే నీలిఛాయ తెలుపు. ఆ అందం ఇప్పటికీ కళ్లలో ఉంది. వెలుగంతా ఒకే బిందువు నుంచి వస్తుంది కాబట్టి, మధ్యాహ్నం పూట కోనేరు మెట్ల మీద నీళ్లలో ఎండ అల్లల్లాడినట్టు, ఇసుకంతా వెలుగు గీతలు కదిలేవి. కోరల్స్ కూడా బాగా పెరిగాయి. ఈ బల్బుల వెలుగును ఒక్కొక్కటిగా కొలిచి లెక్కలు ప్రచురించిన పెన్ స్టేట్ ప్రొఫెసర్ సంజయ్ జోషి పని వల్లే నాలాంటివాళ్లకు ఏ బల్బుకు ఏ బాలాస్ట్ (బల్బుకు కరెంటును అదుపు చేసి ఇచ్చే పెట్టె) జత చేయాలో తెలిసింది.

కానీ వేడి భరించలేం. టెక్సస్ జులైలో, 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాల్సిన నీళ్లు సాయంత్రానికి 84కు పోయేవి. ఫ్యాన్లు పెడితే నీళ్లు ఆవిరై, రోజూ బకెట్ల లెక్కన మంచినీళ్లు కలపాలి. పైగా ఒకసారి కరెంటు పోయి వస్తే బల్బు చల్లారేదాకా మళ్లీ వెలగదు. డే నైట్ మ్యాచ్‌లో ఫ్లడ్‌లైట్లు ఆరిపోతే ఆట ఎంతసేపు ఆగిపోయేదో గుర్తుందా, అవీ ఈ జాతి దీపాలే. ఏడాదికోసారి బల్బు మార్చకపోతే రంగు మారిపోతుంది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వీటిని చెప్పను.

తర్వాత టీ5 ట్యూబులు, అంటే సన్నటి ట్యూబ్‌లైట్లు, 54 వాట్లవి ఆరు, ఒక్కోదానికి విడిగా రిఫ్లెక్టర్. వీటిలో ఆ వెలుగు గీతల ఆట ఉండదు, ట్యాంకు చదునుగా కనిపిస్తుంది. కానీ మా క్లబ్బులో అద్దెకిచ్చే పార్ మీటరు తెచ్చి రాళ్ల మీద ఒకే లోతులో కొలిస్తే ఎడమ చివర 230, మధ్యలో 260, కుడి చివర 235. కొమ్మ కింది భాగానికి కూడా వెలుగు అందుతోంది. నా ఆక్రోపోరాలు అన్నివైపులా ఒకే రంగులో ఉన్నది ఆ మూడేళ్లే. ఇబ్బందల్లా ట్యూబుల ఖర్చు: ఏటా ఆరు, ఒక్కోటి పాతిక డాలర్ల పైమాటే. దానికితోడు యూరప్‌లో మామూలు టీ5 ట్యూబులను 2023 ఆగస్టు నుంచి మార్కెట్లోకి రానివ్వడం లేదు, వాటిలో పాదరసం ఉంటుందని. అక్వేరియం ట్యూబులు ఇంకా దొరుకుతున్నా, వాటినే నమ్ముకుని కొత్త ఫిక్స్చర్ కొనాలంటే నాకు ధైర్యం చాలదు.

ఇక ఎల్‌ఈడీ. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఖరీదైనవి రెండు తెచ్చి బిగించాను. నీలం ఎక్కువ, తెలుపు తక్కువ పెట్టాను. గది చీకటిగా అనిపించి, వెలుగు చాలదేమోనని 90 శాతానికి పెంచేశాను. తొమ్మిదో రోజు పొద్దున ట్యాంకు ముందు కాఫీతో కూర్చుంటే, పైరాతి మీదున్న గ్రీన్ ఆక్రోపోరా కొమ్మల చివర్లు సున్నం పూసినట్టు కనిపించాయి. దగ్గరికెళ్లి చూస్తే పైవైపు చర్మం లేదు, అస్థిపంజరమే మిగిలింది. వేలెడంత ముక్క నుంచి నాలుగేళ్లు పెంచిన కోరల్ అది. వెంటనే పార్ మీటరు తెచ్చి పెడితే అక్కడ 520 చూపించింది. మన కన్ను పచ్చరంగు దగ్గర చురుగ్గా చూస్తుంది, నీలాన్ని తక్కువగా లెక్కేస్తుంది. మనకు చీకటి అనిపించిన వెలుగే కోరల్‌కు మండుటెండ.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. లైటు కిందే 520 ఉన్నచోట నుంచి అడుగు పక్కకు, రెండు లైట్ల మధ్య, అదే లోతులో 170. కొమ్మల కింద 30. ఎల్‌ఈడీ చిన్న చోటు నుంచి గట్టిగా కొడుతుంది, అందుకే నీడలు కూడా అంతే గట్టిగా పడతాయి. ఏ బ్రాండైనా ఈ గుణం కొంత ఉంటుంది. అందుకే నా మాట: వాట్లు పెంచకండి, లైట్ల సంఖ్య పెంచండి. ఈ సైజు ట్యాంకుకు పెద్దవి రెండు కంటే చిన్నవి మూడో నాలుగో దూరదూరంగా పెడితే నయం.

నెల కరెంటు లెక్క రోజుకు ఎనిమిది గంటలు, యూనిట్ 15 సెంట్లు అనుకుని వేశాను. హాలైడ్‌కు బాలాస్ట్‌తో కలిపి సుమారు 20 డాలర్లు, టీ5కు 12, ఎల్‌ఈడీకి 9. తేడా అనుకున్నంత లేదు. అసలు ఆదా ఏసీ బిల్లులో, ఏటేటా బల్బులు మార్చక్కర్లేకపోవడంలో ఉంది. మొదట పెట్టే డబ్బు మాత్రం ఎల్‌ఈడీకే ఎక్కువ.

విశాఖ నుంచి మా బావమరిది కూడా ఇదే అడిగాడు. అక్కడ లైటు సంగతి తర్వాత. రీఫ్, అంటే పగడపు దిబ్బలు, కట్టే గట్టి పగడాలన్నీ భారత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి తెచ్చినా, అమ్మినా నేరమే. చేపల ట్యాంకు పెట్టుకోమన్నాను, దానికి మామూలు లైటు చాలు.

ప్లేనో తమ్ముడికి హామర్లూ, మష్రూమ్‌లూ, ఒకటో రెండో ఆక్రోపోరాలూ పెట్టాలని ఉంది. అందుకని చిన్న ఎల్‌ఈడీలు మూడు తీసుకోమన్నాను, నీటికి పది అంగుళాల ఎత్తున. ఆక్రోపోరాలే నింపుతానంటే వాటికి రెండువైపులా టీ5 ట్యూబులు కూడా జతచేయమనేవాణ్ణి. నా ట్యాంకుకు ఇప్పుడున్నది అదే ఏర్పాటు. కోరల్ పెట్టిన రోజు 30 శాతంతో మొదలుపెట్టి, వారానికి ఐదు శాతం చొప్పున పెంచుతూ, వారం వారం పార్ కొలవమన్నాను. వచ్చే శనివారం మీటరు తీసుకుని నేనే వెళ్తున్నాను.