పదకొండేళ్ల డీజిల్ వ్యాన్: ఆ చప్పుడు, ఆ మసి

వెనక తలుపు తుడిచిన గుడ్డ నల్లబడుతోందని తెలిసినా చాలా రోజులు పట్టించుకోలేదు. వ్యాన్ పెట్టెలా ఉంటుంది, పరిగెత్తేటప్పుడు వెనకాల గాలి సుడి తిరుగుతుంది, దారిలో దుమ్మంతా వచ్చి అక్కడే అంటుకుంటుందిలే అనుకున్నాను. ఒకరోజు తడిగుడ్డతో తుడిస్తే దుమ్ములా గరగరలాడలేదు, కాటుకలా జారింది. వేలికి అంటుకున్నది సబ్బు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదల్లేదు. అప్పుడు అర్థమైంది, అది దుమ్ము కాదు, మసి.

బండి సంగతి ముందు చెప్తాను. నాలుగు సిలిండర్లు, టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టేది), కామన్ రైల్ ఇంజిన్ (రైల్ అనే ఒకే గొట్టంలో గట్టి ఒత్తిడితో ఉంచిన డీజిల్‌ను అన్ని సిలిండర్లకూ పంచేది). పొగగొట్టంలో మసిని పట్టుకునే ఫిల్టర్ లేని తరం. 60,000 కిలోమీటర్లు తిరిగాక నా చేతికి వచ్చింది. పదకొండేళ్లుగా సామాను మోస్తూనే ఉంది, మీటరు 3,10,000 దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను పడ్డ తిప్పలు ఈ తరం డీజిల్ వ్యాన్ ఉన్న ఎవరికైనా వచ్చేవే.

మసి కనిపించిన రోజుల్లోనే, దాదాపు 1,90,000 దగ్గర, పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్ కింద టిక్ టిక్ మని ఒక చప్పుడు మొదలైంది. నాలుగైదు నిమిషాలు ఉండి, ఇంజిన్ వేడెక్కాక మాయమయ్యేది. ఈ రెండింటికీ సంబంధం ఉందన్న ఆలోచన నాకు రాలేదు, నేను చూపించిన ముగ్గురు మెకానిక్కులకూ రాలేదు. ఒకాయన టాపెట్ (వాల్వ్‌ను తెరిచే భాగం) అన్నాడు. ఇంకొకాయన నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ కొట్టేది) అన్నాడు. మూడో ఆయన రెండు నిమిషాలు విని, సైలెన్సర్ చివర వేలు పెట్టి మసి చూసి, "ఇంజిన్ బోరుకొచ్చింది, హెడ్ దించాల్సిందే" అని, అంటే సిలిండర్లు అరిగిపోయాయి, ఇంజిన్ పై భాగం విప్పాలని తేల్చేశాడు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. బోరుకొచ్చిన ఇంజిన్ అయితే ఆయిల్ తాగాలి, పొగ నీలంగా రావాలి. నా బండి రెండు సర్వీసుల మధ్య ఆయిల్ దిగేదే కాదు. ఆ ఒక్క సంగతి పట్టుకునే హెడ్ జోలికి పోనివ్వలేదు.

డీజిల్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కాస్త గట్టిగా కొట్టుకోవడం సహజం. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు, అణిగిన గాలి వేడికే ఇంధనం అంటుకోవాలి. గోడలు చల్లగా ఉంటే అంటుకోవడం క్షణంలో చిన్న ముక్క ఆలస్యమవుతుంది. ఆలోపు పేరుకున్న డీజిల్ అంతా ఒక్కసారిగా మండుతుంది. మనకు వినిపించే కొట్టుడు అదే. కామన్ రైల్ ఇంజిన్లలో అసలు డీజిల్ కొట్టే ముందు చిటికెడు డీజిల్‌ను ముందుగా కొట్టి ఈ చప్పుడును తగ్గిస్తారు. కాబట్టి చల్లటి ఇంజిన్ నాలుగు సిలిండర్ల నుంచీ ఒకే తీరుగా కొట్టుకుంటుంటే కంగారు పడక్కర్లేదు. నా బండిలో చప్పుడు అలా లేదు. ఒక చోట నుంచే, గోరుతో రేకు మీద కొట్టినట్టు వచ్చేది.

దాన్ని ఎలా పట్టానో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మిగతా కథంతా దాన్నుంచే వచ్చింది. ముందు ఫోన్‌లో పది సెకన్లు రికార్డ్ చేసి, నెమ్మదిగా నడిపించి లెక్కపెట్టాను. అరవై ఏడు దెబ్బలు. ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రమే నడుస్తున్నప్పుడు) నా ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంది. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకొకసారి మండుతుంది, అంటే నిమిషానికి 400 సార్లు, పది సెకన్లకు సుమారు అరవై ఏడు. చుట్టుకొకసారి మోగేదైతే నూట ముప్పైకి పైగా రావాలి. కాబట్టి ఇది క్రాంక్‌తో (ఇంజిన్ ప్రధాన ఇరుసుతో) పాటు తిరిగే వస్తువు చప్పుడు కాదు. వాల్వ్, నాజిల్, లేదా ఒక సిలిండర్ నుంచి బయటికొచ్చే పొగ, ఈ మూడింటిలో ఏదో ఒకటి. బెల్టు ఊడదీసి ఒక్క అర నిమిషం నడిపాను, చప్పుడు మారలేదు. ఆల్టర్నేటర్, టెన్షనర్ తప్పుకున్నాయి. క్లచ్ తొక్కి చూశాను, తేడా లేదు.

తర్వాత పొడుగాటి కర్ర ఒక కొస చెవికి ఆనించి, రెండో కొసను ఇంజిన్ మీద ఒక్కో చోట పెట్టి విన్నాను. స్క్రూడ్రైవర్‌తో కూడా చేస్తారు గానీ, తిరిగే బెల్టు దగ్గర ఏది పట్టుకున్నా జాగ్రత్తగా ఉండాలి. విచిత్రం ఏమిటంటే, కర్రలో ఆ టిక్కు వినపడలేదు. ఎక్కడ పెట్టినా మామూలు ఇంజిన్ రొదే. చెవి బయటికి తెస్తే మాత్రం స్పష్టంగా టిక్, టిక్. ఇనుములోంచి రాని చప్పుడు గాలిలోంచి వస్తున్నట్టే కదా! కర్ర పక్కన పెట్టి, మీటరు పొడుగు రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర పట్టుకుని, రెండో కొసను ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే గొట్టం) వెంట జరుపుతూ వెళ్లాను. నాలుగో సిలిండర్ దగ్గరికి రాగానే ట్యూబులో టప్పు టప్పుమని ఊదినట్టు వినిపించింది. టార్చ్ వేసి చూస్తే హెడ్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య అతుకు దగ్గర, విసనకర్ర విప్పినట్టు నల్లటి మసి చార. మానిఫోల్డ్‌ను పట్టి ఉంచే ఒక స్టడ్ (మరల కడ్డీ) పైకొస విరిగిపోయి ఉంది.

చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ చిమ్ముతుంది. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఒత్తిడి పెరిగి మళ్లీ కారుతుంది, కాకపోతే ఆ రొదలో మనకు వినపడదు. టర్బోను తిప్పాల్సిన పొగ టర్బో దాకా చేరకుండా దారిలోనే జారిపోతోంది. టర్బో ఆలస్యంగా లేస్తే సిలిండర్‌లోకి గాలి తక్కువ, గాలి తక్కువైతే డీజిల్ పూర్తిగా మండదు, మండనిది మసి అవుతుంది. రెండు రోగాలనుకున్నది ఒకటే.

విరిగిన స్టడ్ తీయడానికి దాని మొండెం మీద ఒక నట్టు వెల్డ్ చేసి తిప్పారు. మానిఫోల్డ్ వంగి ఉంటే దాని ముఖం చదును చేయించాలి, లేకపోతే కొత్త గ్యాస్కెట్ (అతుకు మధ్య పెట్టే పలక) కూడా నిలవదు. ఇక్కడ బండి తయారీదారు మీద నాకు కోపం ఉంది. నాలుగో సిలిండర్ స్టడ్ క్యాబిన్ గోడ కిందికి దూరి ఉంటుంది, పానా తిప్పడానికి చోటు ఉండదు. ఇంజిన్ బంగారం, కానీ దాన్ని ఇరికించిన తీరు మాత్రం దిక్కుమాలినది.

పని అయ్యాక చప్పుడు పూర్తిగా పోయింది. మసి సగం తగ్గింది. మిగతా సగానికి ఇంకో ఆరు నెలలు పట్టింది, అందులో ఎక్కువ భాగం నా తప్పే. ఎవరో చెప్పారని నాజిల్ క్లీనర్ మూడు సీసాలు ట్యాంకులో పోశాను, ఏమీ మారలేదు. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) విప్పి కడిగించాను. అది వృథా కాలేదనుకోండి. పొగలోని మసి, ఇంజిన్ ఆవిరిలోని ఆయిల్ కలిసి తారులా గడ్డకట్టి, బొటనవేలు పట్టాల్సిన దారి పెన్సిల్ పట్టేంతైంది. కడిగాక ఐడిలింగ్ నున్నగా అయింది. చాలామంది దాన్ని శాశ్వతంగా మూసేయమంటారు. నేను ఒప్పుకోను. మండే వేడిని తగ్గించి నైట్రోజన్ ఆక్సైడ్లను అదుపులో ఉంచడానికే అది ఉంది. మనం పీల్చే గాలికి సంబంధించిన భాగాన్ని పికప్ కోసం చంపేయడం నాకు నచ్చదు.

ఇక బండి కంప్యూటర్‌లోని సమాచారం చదివే స్కానర్. చౌకరకం కొన్నాను, ఫోన్‌తో కలిసేది. ఆరేళ్లు వాడాక నా అభిప్రాయం: కోడ్ (కంప్యూటర్ చూపే లోపం గుర్తు) చదవడానికి కాదు, బండి నడుస్తుండగా అంకెలు చూడటానికే కొనాలి. నా బండిలో టర్బో ఒత్తిడి తక్కువన్న కోడ్ వచ్చింది. వర్క్‌షాప్‌లో అది చూసిన వెంటనే "టర్బో మార్చాలి" అన్నారు. కోడ్ చెప్పింది ఒత్తిడి తక్కువని మాత్రమే, టర్బో పోయిందని కాదు. బరువుతో ఎత్తు ఎక్కుతూ పక్కన మనిషిని కూర్చోబెట్టి అంకెలు రాయించాను. కంప్యూటర్ అడుగుతున్నది 2.2 బార్, అందుతున్నది 1.7. (ఇందులో మామూలు వాతావరణ పీడనం సుమారు ఒక బార్ కలిసే ఉంటుంది.) టర్బో గొట్టం ఊడదీసి ఇరుసును వేలితో కదిపి చూశాను. పక్కలకు వెంట్రుకవాసి కదలిక ఉండొచ్చు, ముందుకు వెనక్కు మాత్రం ఆడకూడదు, రెక్కలు గోడకు తగలకూడదు. అన్నీ బాగానే ఉన్నాయి.

అసలు దొంగ, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం. అడుగు వైపు ఒక క్లాంపుకు ఏళ్ల తరబడి రాసుకుని రెండంగుళాల చీలిక పడింది. ఇంజిన్ ఆపితే పెదవులు మూసినట్టు మూసుకుంటుంది, పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. గొట్టం రెండు చివర్లూ బిగించి తక్కువ ఒత్తిడితో గాలి పెట్టి సబ్బునీళ్లు చల్లితే బుడగలు లేచాయి. అక్కడి దుమ్ము మీద ఆయిల్ తడి కూడా ఉంది, ముందే చూడాల్సింది. లోపలికి వచ్చే గాలిని సెన్సర్ ముందే కొలుస్తుంది, దానికి తగ్గ డీజిల్ కంప్యూటర్ కొడుతుంది. తీరా కొలిచిన గాలిలో కొంత చీలికలోంచి బయటికి పోతుంది. డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ, తలుపు నలుపు. ఎత్తులో బుస్సుమనే చప్పుడు కూడా వచ్చేది, దాన్ని నేను టర్బో ఈల అనుకుని ముచ్చటపడ్డాను.

2,60,000 దగ్గర వచ్చిన రెండో చప్పుడు వేరు. వేడెక్కినా పోని టక టక, కూడా బూడిదరంగు పొగ. ఇది నిజంగానే నాజిల్. నాలుగు నాజిళ్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను నాలుగు సీసాల్లోకి మళ్లించి ఐడిలింగ్‌లో వదిలితే, మూడు సీసాలు సమానంగా, రెండో సిలిండర్‌ది దాదాపు రెట్టింపు, అంటే ఆ నాజిల్ డీజిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. నాకు తెలిసిన పరీక్షల్లో ఇంత తక్కువ సామానుతో ఇంత తెగేసి చెప్పేది ఇంకోటి లేదు. కాకపోతే వెనక్కి వచ్చే సన్న గొట్టాల జోలికే వెళ్లాలి. రైల్ వైపు ఒత్తిడి 1600 బార్ వరకూ వెళ్తుంది, అక్కడ లీకును చేత్తో తడిమితే డీజిల్ చర్మంలోకి దూరుతుంది. ఇంకో జాగ్రత్త: ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ కరెంటు ప్లగ్ ఒక్కోటీ పీకి చూసే పాత పద్ధతి పీజో నాజిళ్ల (కరెంటుతో సాగే స్ఫటికంతో పనిచేసేవి) మీద చేయకూడదు, నాజిల్ తెరుచుకుని ఉండిపోవచ్చు.

నాజిల్ మార్చాక కూడా రెండు రోజులు అదే గతుకుల ఐడిలింగ్. కొత్త నాజిల్ మీద అచ్చువేసిన కోడ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం వాళ్లు మరిచిపోయారు. ఎక్కించాక పది నిమిషాల్లో సర్దుకుంది. కింద రాగి వాషర్ కొత్తదే వేయించండి, పాతది ముద్దగా అణిగిపోయి ఉంటుంది. అది కారితే చుఫ్ చుఫ్ మని వేరే చప్పుడు, నాజిల్ చుట్టూ తారుముద్ద.

ఫిల్టర్ ఉన్న కొత్త వ్యాన్‌ను మా తమ్ముడు నడుపుతున్నాడు. అందులో మసి బయటికి కనిపించదు, లోపలే నిండుతుంది. వాడికి నేను చెప్పేది ఒకటే, ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకొకసారి తనలో నిండిన మసిని కాల్చుకుంటోందో రాసుకోమని. ఆ దూరం తగ్గుతూ వస్తే ఫిల్టర్‌ను కడిగించే ముందు ఇంజిన్ ఎందుకు మసి పోస్తోందో చూడాలి. చిన్న చిన్న దూరాలే తిరుగుతూ కాల్చుకోవడం మధ్యలో ఆగిపోతుంటే డీజిల్ ఆయిల్‌లో కలిసి, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది కూడా. ఆ ఫిల్టర్ ఉన్న బండి పొగగొట్టంలో వేలు పెడితే నల్లగా రాకూడదు. వచ్చిందంటే ఫిల్టర్ పగిలినట్టే, లేదా ఎవరో పీకేసినట్టే.

ఇప్పుడు తలుపు తుడిస్తే గుడ్డకు దుమ్మే అంటుతోంది. గత నెల నుంచి మాత్రం ఐడిలింగ్‌లో గలగలమని కొత్త చప్పుడు, క్లచ్ తొక్కితే ఆగిపోతోంది. ఫ్లైవీల్ (క్లచ్‌కు ఆనుకుని తిరిగే బరువు చక్రం) అని నా అనుమానం. ఎలాగూ క్లచ్ ప్లేటు వయసైపోయింది, గేర్‌బాక్స్ దించినప్పుడే దాన్నీ చూద్దామని రేడియో సౌండ్ కొంచెం పెంచి నడుపుతున్నాను.